మిర్చి కోల్డ్ స్టోరేజీ డేటాబేస్‌కు సాధనాల ఎంపిక: ఒక కేస్ స్టడీ

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపే ఒక కుటుంబ సంస్థ, తమ లెక్కల ప్రోగ్రాం అడుగున ఉన్న డేటాబేస్‌ను బాగుచేసే పనిని మా చిన్న బృందానికి అప్పగించింది. ప్రోగ్రాం జోలికి పోవద్దన్నారు. గుమాస్తాలకు అలవాటైన తెరలు అలాగే ఉండాలి, రసీదు అచ్చయ్యే తీరు మారకూడదు, కొత్త పంట గేటు దగ్గరికి వచ్చేలోపు పని ముగియాలి. ఇంత ఇరుకులో పనిచేయాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: డేటాబేస్‌ను చదవడానికి, గీయడానికి, మార్చడానికి ఏ సాధనం వాడాలి?

ఇంటర్నెట్‌లో ఇలాంటి పోలికలకు కొదవ లేదు. ఎడమవైపు సాధనాల పేర్లు, పైన సదుపాయాలు, గళ్లలో టిక్కు మార్కులు. ఆ పట్టికలు మాకు పెద్దగా అక్కరకు రాలేదు. ‘రేఖాచిత్రం గీస్తుందా’ అన్న గడిలో దాదాపు అందరికీ టిక్కు ఉంటుంది. మార్పు చేయమన్నప్పుడు ఆ సాధనం సర్వర్‌కు ఏ ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) పంపుతుందో ఏ గడిలోనూ ఉండదు. మేము ఆ ఎస్‌క్యూఎల్‌ను చదివి ఎంచుకున్నాం. ఎలా చదివామో, ఏం కనబడిందో ఇక్కడ రాస్తున్నాను.

సరుకు, బాండు, లాటు

వ్యాపారం తెలియకపోతే టేబుళ్లు అర్థం కావు కాబట్టి నాలుగు ముక్కలు. యార్డులో ధర నచ్చని రైతు తన టిక్కీలను (మిర్చి బస్తాలను) కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. కమీషన్ వ్యాపారులూ పెడతారు. పెట్టినందుకు బాండు ఇస్తారు. ఆ బాండు చూపించి బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు. ధర వచ్చినప్పుడు కొన్ని టిక్కీలో అన్నీనో తీస్తారు, అద్దె, హమాలీ ఖర్చు కడతారు, గేట్ పాస్ తీసుకుంటారు. తేజ, 334 వంటి రకాలు వేరువేరు ఛాంబర్లలో ఉంటాయి. ఒకే రైతుకు పలు బాండ్లు, ఒక బాండు కింద పలు లాట్లు, ఒక లాటు మీద పలు విడతల డెలివరీలు. బ్యాంకు అప్పు ఉన్న బాండు మీద బ్యాంకు అనుమతి లేకుండా సరుకు బయటికి పోకూడదు. డేటాబేస్ కాపాడాల్సిన నియమాల్లో అన్నింటికన్నా ఖరీదైనది ఇదే.

ఇక డేటాబేస్. పీహెచ్‌పీలో రాసిన ప్రోగ్రాం, ఎగ్జాంప్‌తో (వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి ఇచ్చే ప్యాకేజీ) నడిచే సర్వర్, మధ్యలో కంప్యూటర్ మార్చినప్పుడల్లా డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా రాసిన నకలు) తీసి ఎక్కించిన టేబుళ్లు. ‘మాది మైఎస్‌క్యూఎల్’ అన్నారు. ఎగ్జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో కూడా మైఎస్‌క్యూఎల్ అనే రాసి ఉంటుంది. వెర్షన్ అడిగితే మారియాడీబీ (మైఎస్‌క్యూఎల్ నుంచి చీలి వేరుగా పెరిగిన డేటాబేస్) అని తేలింది. ఎగ్జాంప్ 2015లోనే మారియాడీబీకి మారింది, పైన బోర్డు మాత్రం పాతదే ఉంచింది. ఈ తేడా ఎంపికను ఎంత ప్రభావితం చేసిందో ముందుముందు వస్తుంది.

టేబుళ్లన్నీ మైఇజామ్ ఇంజన్‌లో (సర్వర్‌లో డేటాను దాచి చదివే భాగం) ఉన్నాయి. 2010 చివర్లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి ఇన్నోడీబీయే సహజ ఇంజన్. అయినా పాత డంపుల్లో ‘ఇంజన్ మైఇజామ్’ అని రాసి ఉంటే, ఎన్ని సర్వర్లు మారినా టేబుళ్లు అలాగే మైఇజామ్‌గా పుడతాయి. మైఇజామ్‌లో ఫారిన్ కీ (ఈ కాలమ్ విలువ ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలనే నియమం) రాస్తే సర్వర్ తప్పు అనదు, చదివి ఊరుకుంటుంది, అమలు మాత్రం చేయదు. పాత డెవలపర్ రాసిన మొదటి స్క్రిప్టులో ఫారిన్ కీలు శుభ్రంగా ఉన్నాయి. సర్వర్‌లో ఒక్కటీ లేదు.

పోటీలో ఎవరెవరు

ఎర్విన్, ఈఆర్ స్టూడియో, పవర్‌డిజైనర్ వంటి పెద్ద సాధనాలను పరీక్ష దాకా తీసుకురాలేదు. అవి చెడ్డవని కాదు. కాన్సెప్చువల్, లాజికల్, ఫిజికల్ అని మోడల్‌ను అంతస్తులుగా విడదీసి, పదుల కొద్దీ డేటాబేస్‌ల మధ్య ఏ కాలమ్ ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలిగేవి అవే. బ్యాంకులకు, బీమా సంస్థలకు ఆ అవసరం ఉంది. మూడు గిడ్డంగుల లెక్కలకు ఆ లైసెన్సు సొమ్ము పెట్టమని యజమానిని అడగడానికి నాకు నోరు రాలేదు. నావిక్యాట్ పూర్తి ఎడిషన్‌కు కూడా డబ్బు కట్టాల్సిందే కాబట్టి పక్కన పెట్టాం.

మిగిలినవి ఐదు. ఇప్పటికే సర్వర్‌లో ఉన్న పీహెచ్‌పీమైఅడ్మిన్, ఒరాకిల్ వారి మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్, జావా మీద నడిచే డీబీవర్ కమ్యూనిటీ ఎడిషన్, విండోస్‌లో చిటికెలో తెరుచుకునే హైడీఎస్‌క్యూఎల్, డిజైన్‌ను మామూలు టెక్స్ట్‌గా రాసుకునే డీబీఎమ్‌ఎల్. చివరిదానికి బొమ్మ చూపించే వెబ్‌సైటు డీబీడయాగ్రమ్. ఐదింటినీ ఒకే డేటాబేస్ నకలు మీద ఒకే రకం పనులతో పరీక్షించాం. అసలు సర్వర్‌ను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

పాత డేటాబేస్‌ను చదవడం

ఫారిన్ కీలు లేని డేటాబేస్‌కు రేఖాచిత్రం గీయమంటే, గీయగలిగే ఏ సాధనమైనా విడివిడి పెట్టెలు పరుస్తుంది, వాటి మధ్య గీత ఉండదు. నిజానికి ఆ గీతల్లేని బొమ్మే యజమానికి పరిస్థితిని బాగా చెప్పింది. ‘మా వ్యాపారంలో అన్నీ బాండుకే ముడిపడి ఉంటాయండీ, ఇక్కడ బాండు ఒంటరిగా ఉందేమిటి?’ అన్నారాయన. అంతకన్నా మంచి సమీక్ష మాకు దొరకలేదు.

ఇక్కడ డీబీవర్, పీహెచ్‌పీమైఅడ్మిన్ రెండూ ఒక ఉపాయం ఇస్తాయి. డీబీవర్‌లో వర్చువల్ కీ పెట్టుకోవచ్చు. సర్వర్‌లో లేకపోయినా, ఈ కాలమ్ ఆ టేబుల్‌ను చూపిస్తుందని మనం చెబితే, బొమ్మలో గీత వస్తుంది, డేటా చూసేటప్పుడు బాండు మీద నొక్కి రైతు దగ్గరికి వెళ్లవచ్చు. పీహెచ్‌పీమైఅడ్మిన్ అలాంటి సంబంధాలను తన సొంత నిర్వహణ టేబుళ్లలో దాచుకుంటుంది. రెండింటికీ ఒకే షరతు: ఆ గీతలు ఆ సాధనం లోపలే ఉంటాయి. సర్వర్‌కు వాటి సంగతి తెలియదు, తప్పు డేటాను అవి ఆపలేవు. చదవడానికి మాత్రం ఎంతో సాయం. పరిచయం లేని డేటాబేస్‌లోకి దిగినప్పుడు మొదటి వారం అంతా వర్చువల్ కీలు పెట్టుకుంటూ పోవడమే మంచి పద్ధతి అని నా అభిప్రాయం. ఏది దేనికి చెందుతుందో చేతికి తెలుస్తుంది.

అయితే బొమ్మలో ఎవరికీ కనబడని ముడి ఒకటి ఉంది. మూడు గిడ్డంగుల్లో ప్రతిదానికీ బాండు సంఖ్య ఒకటి నుంచి మొదలవుతుంది. ఈ పనిని పాత డెవలపర్ ప్రోగ్రాంలో చేయలేదు, మైఇజామ్‌కే వదిలేశాడు. ఆ ఇంజన్‌లో గిడ్డంగి, బాండు సంఖ్య అనే రెండు కాలమ్‌ల కీ పెట్టి రెండోదాన్ని ఆటో ఇంక్రిమెంట్ (తనంతట తానే ఒకటి చొప్పున పెరిగేలా) చేస్తే, ప్రతి గిడ్డంగికీ వేరు వరసలో సంఖ్యలు వస్తాయి. తెలివైన పనే. కానీ ఇన్నోడీబీ దీన్ని ఒప్పుకోదు. ఆటో ఇంక్రిమెంట్ కాలమ్ ఏదో ఒక కీలో మొదటిదిగా ఉండాలంటుంది, లేకపోతే 1075 నంబరు ఎర్రర్ ఇస్తుంది. ఏ రేఖాచిత్రంలోనూ ఇది కనబడదు. రెండు కాలమ్‌ల పక్కన తాళంచెవి గుర్తు ఉంటుంది, అంతే. టేబుల్‌ను సృష్టించే ‘క్రియేట్ టేబుల్’ వాక్యాన్ని చదివితేనే తెలుస్తుంది. హైడీఎస్‌క్యూఎల్ ఇక్కడ మార్కులు కొట్టింది. టేబుల్ తెరవగానే దాని క్రియేట్ కోడ్ ఒక ట్యాబ్ దూరంలో ఉంటుంది, మనం ఏదైనా మారిస్తే పంపబోయే ఆల్టర్ కోడ్ పక్క ట్యాబ్‌లో ఉంటుంది. కింద ఉన్న లాగ్‌లో అది సర్వర్‌తో మాట్లాడిన ప్రతి మాటా వరసగా కనబడుతుంది. ఆ లాగ్ చదివి ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

బాండు సంఖ్యల కోసం చివరికి ఒక చిన్న టేబుల్ పెట్టాం. గిడ్డంగికి ఒక వరుస, అందులో చివరగా ఇచ్చిన సంఖ్య. కొత్త బాండు రాసేటప్పుడు ఆ వరుసను ‘ఫర్ అప్‌డేట్’తో (ఇంకెవరూ మార్చకుండా తాళం వేసి) పట్టుకుని, ఒకటి పెంచి, వదిలేయాలి.

పేర్లు పాడయ్యాయా, బాగున్నాయా

గుమాస్తా గారి తెర మీద రైతుల పేర్లు చక్కటి తెలుగులో కనిపిస్తున్నాయి. మా సాధనాల్లో తెరిస్తే, ప్రతి అక్షరం స్థానంలో తలపై ఏటవాలు గీతతో ఒక లాటిన్ అక్షరం, దాని వెనక డిగ్రీ గుర్తో (°), ప్లస్ మైనస్ గుర్తో (±). ‘మా ప్రోగ్రాంలో బాగానే ఉంది కదండీ, మీ దాంట్లోనే ఏదో తేడా ఉంది’ అన్నారు గుమాస్తా గారు. తప్పు పట్టలేం, ఆయనకు కనిపిస్తున్నది అదే.

జరిగిందేమిటంటే, కాలమ్‌లు లాటిన్1 (పశ్చిమ యూరప్ భాషల అక్షరాలను దాచే పద్ధతి) అని ప్రకటించి ఉన్నాయి, ప్రోగ్రాం కూడా లాటిన్1 అనే కనెక్ట్ అవుతుంది, కానీ లోపలికి పంపేది యూటీఎఫ్-8 (అన్ని భాషలకూ పనికొచ్చే పద్ధతి) బైట్లు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఎవరూ మార్చరు కాబట్టి బ్రౌజర్‌లో తెలుగు సరిగ్గా వస్తుంది. మా సాధనాలు నిజాయతీగా యూటీఎఫ్-8 అని కనెక్ట్ అవుతాయి, దాంతో సర్వర్ ఆ బైట్లను లాటిన్ అక్షరాలనుకుని తర్జుమా చేసి పంపుతుంది. తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. మొదటిది ఎప్పుడూ ఒకటే. రెండోది, యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో మొదటి సగానికి ఒకటి, రెండో సగానికి ఇంకొకటి. తెర మీద అదే గుర్తు మళ్లీ మళ్లీ రావడానికి కారణం ఇదే. ఈ రెండు గుర్తులూ కళ్లకు అలవాటైతే దూరం నుంచే రోగం చెప్పేయవచ్చు.

దీన్ని సరిచేయడంలో సాధనాల మధ్య తేడా ఏమీ లేదు, కానీ అన్నింటిలోనూ ఒకే ఉచ్చు ఉంది. టేబుల్ లక్షణాల్లో క్యారెక్టర్ సెట్‌ను యూటీఎఫ్-8ఎంబీ4కు మార్చి, ఉన్న డేటాను కూడా మార్చమంటే, చెత్తగా కనిపిస్తున్నది శాశ్వతంగా చెత్తే అవుతుంది. ఆ తర్వాత ప్రోగ్రాం తెర మీద కూడా తెలుగు ఉండదు. ముందు కాలమ్‌ను ముడి బైట్లు దాచే వర్‌బైనరీ లేదా బ్లాబ్‌గా మార్చాలి, అప్పుడు సర్వర్ బైట్లను అంటకుండా వదిలేస్తుంది. తర్వాత వాటిని యూటీఎఫ్-8ఎంబీ4 అని ప్రకటించాలి, అదే పూట ప్రోగ్రాం కనెక్షన్‌లో ఆ ఒక్క వరుసా మార్చాలి. యజమాని ప్రోగ్రాంలో ఒప్పుకున్న మార్పు ఇదొక్కటే. మొదలుపెట్టే ముందు బైట్లను ఉన్నవున్నట్టు అంకెల్లో చూపే హెక్స్ ఫంక్షన్‌తో నాలుగు పేర్లు చూసుకోవడం తప్పనిసరి. తెర అబద్ధం చెప్పవచ్చు, హెక్స్ చెప్పదు.

ఇంకో చిన్న లెక్క కూడా. కాలమ్ రకం వర్‌చార్ 50 అంటే 50 యూనికోడ్ అక్షరాలు, మనం కంటితో లెక్కపెట్టే అక్షరాలు కావు. ‘శ్రీ’ మనకు ఒకటే, యూనికోడ్‌కు నాలుగు, బైట్లలో పన్నెండు. తండ్రి పేరు, ఊరు కలిపి రాసే కాలమ్‌లను ఆ లెక్కతోనే పెంచాం.

పేరు మార్పు పరీక్ష

పాత టేబుల్‌లో ‘అమౌంట్2’ అనే కాలమ్ ఉంది. అది హమాలీ ఖర్చు అని గుమాస్తా గారికి తప్ప ఎవరికీ తెలియదు. దాని పేరు మార్చాలి. పనిలో పనిగా ఫ్లోట్ (ఉజ్జాయింపు దశాంశం) రకాన్ని డెసిమల్‌గా (కచ్చితమైన దశాంశం) కూడా మార్చాలి. డబ్బును ఫ్లోట్‌లో దాచకూడదని అందరూ అంటారు, ఎందుకో కాస్త చూద్దాం. ఫ్లోట్‌లో 24 బిట్ల ఖచ్చితత్వం ఉంటుంది. 1,31,072 రూపాయలు దాటాక పైసలు కచ్చితంగా నిలవవు, 1,67,77,216 దాటాక రూపాయలే నిలవవు. ఒక సీజన్ అద్దె మొత్తాన్ని, బ్యాంకు అప్పుల మొత్తాన్ని ఇలాంటి కాలమ్‌లలో దాచితే తేడా రాకుండా ఎలా ఉంటుంది?

పేరు మార్పు సాధనాలకు అసలైన పరీక్ష. నేరుగా సర్వర్ టేబుల్‌ను మార్చే హైడీఎస్‌క్యూఎల్, డీబీవర్, పీహెచ్‌పీమైఅడ్మిన్‌లకు మనం మారుస్తున్నది పేరని తెలుసు, కాబట్టి డేటా పోకుండా మారుస్తాయి. రెండు స్కీమాలను (టేబుళ్ల నిర్మాణాలను) పోల్చి తేడాకు స్క్రిప్టు రాసే పద్ధతిలో అలా కాదు. పాతదాంట్లో ఒక కాలమ్ ఉంది, కొత్తదాంట్లో లేదు. కొత్తదాంట్లో ఇంకో కాలమ్ ఉంది, పాతదాంట్లో లేదు. పోల్చేవాడికి ఇంతే కనబడుతుంది. కాబట్టి పాతది తీసెయ్, కొత్తది చేర్చు అని స్క్రిప్టు రాస్తుంది. నడిపితే కాలమ్ పేరు చక్కగా ఉంటుంది, లోపల హమాలీ ఖర్చు ఒక్కటీ ఉండదు.

వర్క్‌బెంచ్ సింక్రనైజ్ విజర్డ్‌లో ఇందుకే కాలమ్ మ్యాపింగ్ అనే మీట పెట్టారు. ఫలానా పాత కాలమే ఈ కొత్తది అని మనం చెప్పవచ్చు. చెప్పాలని గుర్తుండాలి, అదీ సంగతి. డీబీవర్‌లో స్కీమా పోలిక కమ్యూనిటీ ఎడిషన్‌లో లేదు, డబ్బు కట్టే ఎడిషన్లలో ఉంది. అది లేనందుకు మేము బాధపడలేదు.

చేతితో రాసినా జాగ్రత్త కావాలి. ‘చేంజ్ కాలమ్’ వాడితే కాలమ్ నిర్వచనం మొత్తం మళ్లీ రాయాలి. నాట్ నల్, డిఫాల్ట్, కామెంట్ వీటిలో రాయనిది పోతుంది. పేరు మాత్రమే మార్చే ‘రీనేమ్ కాలమ్’ మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి, మారియాడీబీలో 10.5 శ్రేణి నుంచి ఉంది.

తల్లి లేని బాండ్లు

అన్నింటికన్నా ఎక్కువ సమయం తిన్నదీ, ఎంపికను తేల్చిందీ ఈ పరీక్షే. టేబుళ్లను ఇన్నోడీబీకి మార్చాక బాండుకూ రైతుకూ మధ్య ఫారిన్ కీ చేర్చాలి. ఒకే రైతు పేరు రెండుసార్లు ఎక్కితే గుమాస్తాలు ఏళ్ల తరబడి ఒకటి తీసేస్తూ వచ్చారు. తీసేసిన నంబరు మీద ఉన్న బాండ్లు అలాగే మిగిలిపోయాయి. అంటే సరుకు ఛాంబర్‌లో ఉంది, బాండు ఉంది, అది ఎవరిదో డేటాబేస్‌కు తెలియదు.

మొదటి అడ్డంకి రకాల తేడా. రైతు టేబుల్‌లో నంబరు అన్‌సైన్డ్ (రుణ సంఖ్యలు లేని) ఇంటిజర్, బాండు టేబుల్‌లో మామూలు ఇంటిజర్. ఫారిన్ కీ చేర్చబోతే సర్వర్ 150 అనే సంఖ్యతో ఒక ముక్తసరి ఎర్రర్ ఇస్తుంది, కారణం చెప్పదు. ఏ సాధనంలో చేసినా అదే వస్తుంది. ‘షో ఇంజన్ ఇన్నోడీబీ స్టేటస్’ అడిగితే, ఆ పొడవాటి నివేదికలో చివరి ఫారిన్ కీ ఎర్రర్ అన్న భాగంలో అసలు కారణం మామూలు మాటల్లో ఉంటుంది.

రకాలు కలిపాక రెండో అడ్డంకి. హైడీఎస్‌క్యూఎల్ నుంచి కీ చేర్చబోతే 1452 ఎర్రర్ వచ్చింది: తల్లి వరుస (రైతు) లేని పిల్ల వరుసలు (బాండ్లు) ఉన్నాయి, చేర్చను అని. రావాల్సింది అదే. వర్క్‌బెంచ్ మోడల్ నుంచి తయారైన స్క్రిప్టును నడిపితే ఏ ఎర్రరూ లేకుండా కీ చేరిపోయింది.

ఎందుకో ఆ స్క్రిప్టు మొదటి వరుసల్లోనే ఉంది. వర్క్‌బెంచ్ రాసే స్క్రిప్టు ఫారిన్ కీ తనిఖీని సున్నా చేసి మొదలవుతుంది, చివర్లో పాత విలువను తిరిగి పెడుతుంది. దీనికి కారణం సబబే. టేబుళ్లను ఏ వరుసలో సృష్టించినా, ఇంకా పుట్టని టేబుల్‌ను చూపించే కీ అడ్డు పడకుండా ఉండాలి. ఖాళీ డేటాబేస్‌కు అది సరైన పద్ధతి. ఉన్న డేటా మీద మాత్రం తనిఖీ ఆపి ఉన్నప్పుడు చేర్చిన కీ, పాత వరుసలను చూడదు. తర్వాత తనిఖీ తిరిగి పెట్టినా సర్వర్ వెనక్కి వెళ్లి వెతకదు. బొమ్మలో గీత వస్తుంది, ఆ గీత కింద తల్లి లేని బాండ్లు అలాగే ఉంటాయి. ఇకపై ఎవరైనా ఈ కీని చూసి డేటా శుభ్రంగా ఉందనుకుంటారు. కీ లేనప్పుడు కనీసం ఆ అనుమానమైనా ఉండేది.

పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఇంపోర్ట్ పేజీలో ఇదే తనిఖీకి ఒక చెక్‌బాక్స్ ఉంటుంది. కనబడేలా ఉండటం వల్ల అది కొంత నయం. అయినా స్క్రిప్టు లోపలే తనిఖీ ఆపే వరుస ఉంటే చెక్‌బాక్స్ చేసేదేమీ లేదు.

తల్లి లేని వరుసలను వెతకడానికి సాధనం అక్కర్లేదు. బాండు టేబుల్‌ను రైతు టేబుల్‌తో లెఫ్ట్ జాయిన్ చేసి (జత దొరకని బాండ్లను కూడా ఉంచుతూ కలిపి), రైతు నంబరు నల్ (ఖాళీ) ఉన్నవి చూస్తే చాలు. దొరికినవాటిని అచ్చు తీసి గుమాస్తా గారి ముందు పెట్టాం. ఊరి పేరు, రకం, టిక్కీల సంఖ్య చూసి చాలావాటికి ఆయన మనిషిని చెప్పేశారు. మిగిలినవాటికి పాత కాగితం పుస్తకాలు తిరగేశారు. అవి కూడా దాటిపోయినవి, సరుకు ఎప్పుడో వెళ్లిపోయిన పాత సీజన్ల బాండ్లు. వాటిని వేరే టేబుల్‌లోకి తరలించాం. ఉత్తుత్తి రైతును సృష్టించి వాటన్నింటినీ అతని మీద వేయడం తేలిక పనే, కానీ ఆ రైతుకు ఎవరో ఒకరు ఒకరోజు అద్దె బిల్లు పంపుతారు.

ఎక్సెల్ నుంచి వచ్చే డేటా

కొన్ని లెక్కలు ఎక్సెల్‌లో ఉండేవి. ఇక్కడ లాటు సంఖ్యను వరస సంఖ్య, ఏటవాలు గీత, టిక్కీల సంఖ్యగా రాస్తారు. 7/12 అంటే ఏడో లాటు, పన్నెండు టిక్కీలు. ఎక్సెల్‌కు అది తేదీ. సెల్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చకపోతే లాటు కాస్తా తేదీ అయిపోతుంది. మామూలు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) దాచితే తెలుగు అంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది, ఆ ఫైలు నుంచి ఇక తిరిగి రాదు. యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని ఎంచుకోవాలి. డీబీవర్ ఇంపోర్ట్‌లో ఏ కాలమ్ ఎక్కడికి వెళ్తుందో, విలువలు ఎలా ఉంటాయో ముందే కనబడుతుంది, అందువల్ల ఈ రెండు జబ్బులూ సర్వర్ దాకా పోకుండా ఆగుతాయి.

ఆ లాటు సంఖ్య డిజైన్‌లోనూ పాఠమే. ఒక కాలమ్‌లో రెండు నిజాలున్నాయి. సగం టిక్కీలు వెళ్లిపోయినా సంఖ్యలో పన్నెండు అలాగే ఉంటుంది. దాన్ని రెండుగా విడదీసి, రసీదు మీద పాత రూపంలో అచ్చయ్యేలా వ్యూ (ఉన్న టేబుళ్ల నుంచి అప్పటికప్పుడు తయారయ్యే ఊహా టేబుల్) ఒకటి పెట్టాం. గుమాస్తాలకు తేడా తెలియలేదు.

వర్క్‌బెంచ్ ఎందుకు తప్పుకుంది

మోడల్ గీయడంలో ఈ ఐదింటిలో వర్క్‌బెంచే మెరుగు. ఇది కాదనలేం. అయితే అది మైఎస్‌క్యూఎల్ కోసం చేసిన సాధనం, మా సర్వర్ మారియాడీబీ. కనెక్ట్ కాగానే సర్వర్ వెర్షన్ సరిపడదని హెచ్చరిస్తుంది. వర్క్‌బెంచ్ 8.0 ఇండెక్స్ రాసేటప్పుడు చివర ‘విజిబుల్’ అనే మాట చేరుస్తుంది. అది మైఎస్‌క్యూఎల్ 8.0 వ్యాకరణం, మారియాడీబీకి అర్థం కాదు, 1064 ఎర్రర్ (వ్యాకరణ దోషం) వస్తుంది. మోడల్ అమరికల్లో లక్ష్య వెర్షన్‌ను 5.7గా పెడితే ఆ మాట పోతుంది. అలాగే మైఎస్‌క్యూఎల్ 8.0 సహజ కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరస పెట్టే నియమాలు) పేరు పాత మారియాడీబీలకు తెలియదు. ఇవన్నీ దాటవచ్చు. కానీ రెండు సర్వర్లు ఏడాదికేడాది దూరమవుతున్నప్పుడు, ప్రతిసారీ దాటుతూ కూర్చోవడం దేనికి?

రెండో కారణం ఫైలు. వర్క్‌బెంచ్ మోడల్ ఫైలు నిజానికి జిప్ చేసిన ఎక్స్ఎమ్‌ఎల్. గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే సాధనం) పెడితే మారిందని తెలుస్తుంది, ఏం మారిందో తెలియదు. మా బృందంలో ఇద్దరు ఒకేసారి మార్చితే కలపడం దాదాపు అసాధ్యం. డీబీఎమ్‌ఎల్‌లో అదే డిజైన్ టెక్స్ట్ వరుసలుగా ఉంటుంది. బాండు టేబుల్‌లో ఒక కాలమ్ చేరితే తేడాలో ఒక వరుస కనబడుతుంది, పక్కవాడు చదివి ప్రశ్నించగలడు. బొమ్మ కావాల్సినప్పుడు ఆ టెక్స్ట్ నుంచే వస్తుంది.

చివరికి ఏం వాడుతున్నాం

డిజైన్ డీబీఎమ్‌ఎల్‌లో, గిట్‌లో ఉంటుంది. దాని నుంచి స్క్రిప్టు పుట్టించడం లేదు. ప్రతి మార్పుకూ ఎస్‌క్యూఎల్ ఫైలు మనిషే రాస్తాడు, ఫ్లైవే వాటిని నంబర్ల వరుసలో సర్వర్ మీద నడుపుతుంది. ఏ ఫైలు నడిచిందో ఒక చరిత్ర టేబుల్‌లో చెక్‌సమ్‌తో (ఫైలు మారితే మారిపోయే సంఖ్య) సహా రాసుకుంటుంది. నడిచిపోయిన ఫైలును తర్వాత ఎవరైనా దిద్దితే ఫ్లైవే ఒప్పుకోదు. మారియాడీబీలో ఆల్టర్ టేబుల్‌ను ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ జరిగే, లేదంటే ఏదీ జరగని మార్పుల కట్ట) పెట్టి వెనక్కి తిప్పడం కుదరదు, ప్రతి ఆల్టర్ తనంతట తానే కమిట్ (ఖాయం) అవుతుంది. ఒక ఫైలులో ఐదు మార్పులు పెడితే మూడో దగ్గర ఆగిపోయినప్పుడు సగం మారిన డేటాబేస్ మిగులుతుంది. కాబట్టి ఫైలుకు ఒకే ఆల్టర్ అనే నియమం పెట్టుకున్నాం. పోస్ట్‌గ్రెస్‌లో ఈ తిప్పలు ఉండవు, అక్కడ స్కీమా మార్పులు కూడా చాలావరకు ట్రాన్సాక్షన్‌లో ఇముడుతాయి. కానీ సర్వర్ మార్చడం అంటే ప్రోగ్రాం మార్చడమే, దానికి అనుమతి లేదు.

రోజువారీ చూడటానికి డీబీవర్. అసలు సర్వర్ కనెక్షన్‌ను ప్రొడక్షన్ రకంగా పెట్టాం. ఎర్ర రంగు కనిపిస్తుంది, మనం కమిట్ చెప్పేదాకా మార్పు నిలవదు. ఆఫీసు కంప్యూటర్‌లో హైడీఎస్‌క్యూఎల్, చదివే హక్కు మాత్రమే ఉన్న లాగిన్‌తో. పీహెచ్‌పీమైఅడ్మిన్‌ను బయటి నెట్‌వర్క్ నుంచి మూసేశాం, లోపల ఉంచాం. అప్‌డేట్ నడిపే ముందు ఎన్ని వరుసలు మారతాయో చూపే దాని సిమ్యులేట్ మీట నాకు ఇష్టం, మిగతావాటిలో అంత సులువుగా దొరకదు. ఏ వరుసలు మార్చాలో చెప్పే ‘వేర్’ షరతు లేని అప్‌డేట్‌ను ఆపే సేఫ్ అప్‌డేట్స్ అమరిక మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్‌లోనూ ఉంది. దానికి ‘ఐ యామ్ ఎ డమ్మీ’ అని ఇంకో పేరు కూడా పెట్టారు. సిగ్గుపడకుండా ఆ మాట టైపు చేసేవాళ్ల డేటాబేస్‌లు క్షేమంగా ఉంటాయి.

ఇదే పని మైఎస్‌క్యూఎల్ 8.0 సర్వర్ మీద, ఒక్కడే డిజైన్ చేసేచోట, ఖాళీ నుంచి మొదలుపెట్టాల్సి వస్తే వర్క్‌బెంచే వాడతాను. పోస్ట్‌గ్రెస్ అయితే పీజీఅడ్మిన్, పెద్ద మోడల్‌కు పీజీమోడలర్. ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే మేనేజ్‌మెంట్ స్టూడియో ఉండనే ఉంది.

బ్యాంకు అప్పు ఉన్న బాండు మీద డెలివరీని ఆపే నియమం ప్రస్తుతం ట్రిగ్గర్‌లో (టేబుల్‌లో మార్పు జరిగేటప్పుడు దానంతటదే నడిచే కోడ్) ఉంది. దాన్ని చెక్ కన్‌స్ట్రెయింట్‌గా (ఆ వరుసలోని విలువలనే చూసే షరతు) రాయలేం, ఎందుకంటే అప్పు ఇంకో టేబుల్‌లో ఉంటుంది. పై సాధనాల రేఖాచిత్రాలు వేటిలోనూ ట్రిగ్గర్ గీతగా కనబడదు కాబట్టి, డీబీఎమ్‌ఎల్‌లో బాండు టేబుల్ కింద ఒక నోట్ రాసి పెట్టాం. బ్యాంకు అనుమతి పత్రాల టేబుల్ ఇంకా పాత రూపంలోనే ఉంది. ఛాంబర్లు ఖాళీ అయ్యాక దాని వంతు.